లండన్ వసంతం, ఏలూరు ఎండ

ఉగాదికి పెరడంతా రంగులతో నిండిపోవాలని ఏలూరులో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి కోరిక పుట్టింది. పుట్టడం మంచిదే, కాకపోతే ఫిబ్రవరిలో పుట్టింది. చేతిలో విత్తనాల పాకెట్. దాని మీద ‘స్ప్రింగ్’ అన్న మాట, కింద మీసాలు దువ్వుకున్న మొహాల్లాంటి పాన్సీ పూలు.

“ఆయ్, ఆ వసంతం లండన్‌దండి మాస్టారూ,” అన్నాడు తాడేపల్లిగూడెంలో నర్సరీ కుర్రాడు. “మనకి సంక్రాంతితో సరండి.”

కుర్రాడి మాటలో అతిశయోక్తి లేదు. లండన్‌లో జూలై రాత్రి కూడా ఏలూరు జనవరి రాత్రి కంటే చల్లన. పాన్సీ, ఫ్లాక్స్, డయాంథస్, పెటూనియా లాంటి చలి మొక్కలకు ఇక్కడ దసరా వెళ్లాక నారు పోసి, కార్తీకంలో నాటితేనే పండక్కి పూలు. మార్చి ఎండకు అన్నిటికంటే ముందు తలవాల్చేది పాన్సీయే. చలికి రావాలనీ, ఎండ ముదిరేలోగా వెళ్లిపోవాలనీ కొల్లేటి వలస పక్షులకు ఒకరు చెప్పక్కర్లేదు. మాస్టారికే చెప్పాల్సొచ్చింది. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నా, ఆయన నమ్మింది పాకెట్ మీది బొమ్మని!

దసరా వెళ్లాక అసలు పని మొదలైంది. పెటూనియా విత్తనాలు గ్రాముకు 10,000 దాకా తూగుతాయి. ముక్కుపొడుం నయం. వాటి మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. మాస్టారు తెల్లకాగితం మీద పోసుకుని, కళ్లజోడు సర్దుకుని, అగ్గిపుల్ల కొసతో ఒక్కొక్కటే ట్రేలోకి జరుపుతున్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లాలు ఫాను వేసింది.

“ఏవండీ, ఇంతకీ ఇదేం మొక్క?”

“పొగాకు కుటుంబం. వంకాయ, మిరప కూడా వీటి చుట్టాలే.”

“అయితే వంకాయే వెయ్యకూడదూ? కూరైనా అవుతుంది.”

ఆవిడ ఓటు బంతికి. అదీ మెక్సికో నుంచి వచ్చిందే, అయినా గొబ్బెమ్మ నెక్కాక దాన్ని పరాయిదంటే గోదావరి జిల్లాల్లో ఒప్పుకునేదెవరు? నాటిన నెలకి బంతి తల తుంచితే పక్కకొమ్మలు వేసి గుబురుగా పూస్తుంది. మాస్టారికి చేతులు రాలేదు. ఆవిడ తోటకూర గిల్లినట్టు చకచకా గిల్లేసింది.

చివరికి ఒప్పందం కుదిరింది. వీధివైపు, ఫాను గాలికి మిగిలిన పెటూనియాలు. వాకిలికి రెండువైపులా బంతి. పెరట్లో వంగనారు. పాన్సీకి పొద్దుటెండ మాత్రమే తగిలే అరుగు మీద ఒక కుండీ మంజూరైంది, అదీ ప్రొబేషన్ మీద.