నిరీక్షణ శాస్త్రము

మా మేనల్లుడు ఇంజనీరింగు నాలుగేండ్లు చదివి, ఆ చదువుతో ఆవగింజంతయు సంబంధము లేని సాఫ్ట్‌వేరు కొలువు రెండేండ్లు వెలగబెట్టి, అదియు విసుగు పుట్టగా క్యాట్ పరీక్షకు మరియొక యేడు ధారపోసి, తుదకు బ్యాంకువారి ఋణముతో ఎంబీయేలో చేరి, అందునను ఆపరేషన్స్ మేనేజ్‌మెంటనెడి శాఖను ఏరికోరి వరించినాడు. "ఆ చదువు దేనికిరా నాయనా?" అని మా అక్కగారు అడుగగా, వాడు తడుముకొనక "వృథా అన్నది ఎక్కడున్నా కనిపెట్టి తీసెయ్యడానికమ్మా" అనెను. ఆమె వాని మొగము వంకను, గోడమీది క్యాలెండరు వంకను, బీరువాలోని ఋణపత్రముల వంకను క్రమముగా చూచి, ఏమియు ననక పప్పునకు పోపు వేయుటకై లోనికి పోయెను.

ఈ విద్యకు మూలపురుషులలో నొకడైన ఫ్రెడరిక్ టేలరు, స్టాప్‌వాచి చేతబట్టి, అమెరికాలోని బెత్లెహేము ఉక్కు కర్మాగారమున కూలివాండ్ర వెంట తిరిగి, దినమునకు 12.5 టన్నుల పోతయినుము మోయుచుండిన చోట 47.5 టన్నులు మోయించి, అందులకు ప్రతిఫలముగా కూలిని 1.15 డాలర్లనుండి 1.85 డాలర్లకు పెంచినట్లు 1911లో వెలువడిన తన గ్రంథమున సగర్వముగా వ్రాసికొన్నాడు. మోత నాలుగింతలకు చేరువ కాగా కూలి రెండింతలైనను కాకపోవుటయే ఆ గ్రంథనామమందలి "శాస్త్రీయ" అను విశేషణమునకు తాత్పర్యమని నావంటి అల్పజ్ఞునకు తోచినది. జపానులో టొయోటావారి తాయిచి ఓనో వేరొక త్రోవ త్రొక్కెను. ఆయన కర్మాగారపు నేలమీద సుద్దతో గుండ్రముగా గీత గీచి, క్రొత్త ఇంజనీరును అందులో నిలువబెట్టి, జరుగుచున్న పనిలోని లోపము వాని కంటబడువరకు కదలనీయకుండెడివాడట. మావాని సంస్థలో ఆ బాధ లేదు. ఏడాదికొకమారు బస్సులో కర్మాగారమునకు పోయి, పసుపుపచ్చని హెల్మెట్లు ధరించి, లేత్ యంత్రము ముందర ఫొటో దిగి, భోజనము చేసి తిరిగి వత్తురు. తక్కిన కర్మాగారమంతయు ఎక్సెల్ పట్టికలో నడచును. అక్కడ కరెంటు పోదు, కూలివాని కూతునకు జ్వరము రాదు.

అయినను ఈ విద్యలో నన్ను ముగ్ధుని గావించినది క్యూ సిద్ధాంతము. కోపెన్‌హేగన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎర్లాంగు అను గణితజ్ఞుడు, పిలుపుల రాకడను గూర్చి 1909లో వ్రాసిన వ్యాసముతో దీనికి పురుడు పోసెను. గుమాస్తా ఒక్కడే యుండి, వచ్చువారు క్రమము లేక వచ్చుచు, ఒక్కొక్కరి పనికి పట్టు కాలమును క్రమము లేక మారుచుండినచో, అతడు తన కాలములో సగము మాత్రమే పని చేసినప్పుడు కిటికీవద్ద సగటున నుండువాడు ఒక్కడు. నూటికి 90 పాళ్లు చేసినప్పుడు తొమ్మండుగురు. 99 పాళ్లు చేసినప్పుడు 99 మంది. అనగా గుమాస్తాకు తీరిక తరిగినకొలది బారు పెరుగునన్నమాట. ఈ సూత్రము వినినది మొదలు, టీ త్రాగబోయి మధ్యాహ్నమునకుగాని మరలిరాని మన కార్యాలయోద్యోగులు లోకహితము కొరకే అట్లు పోవుచున్నారేమో యని నాకు వారిపై భక్తి కలిగెను. కాని గుమాస్తాకు సంపూర్ణమైన తీరికయు, కిటికీవద్ద నూరుగురు జనమును ఏకకాలమున నుండవచ్చునన్న సంగతి ఆ డెన్మార్కు మేధావికి తట్టినట్లు లేదు.

కడచిన సెలవులలో, పింఛనుదారుడనైన నేను ఇంకను బ్రదికియే యున్నానని ఋజువు చేసికొనుటకు ఒకానొక కార్యాలయమునకు పోవుచు వానిని వెంటబెట్టుకొని పోయితిని. వాడు బారును ఒక్కమారు పరికించి, "ముందు 42 మంది, గంటకు 12 మంది, మూడున్నర గంటలు మామయ్యా, లిటిల్ సూత్రం!" అని తేల్చెను. జాన్ లిటిల్ అను ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రమట. వచ్చు వేగమును వేచియుండు కాలముతో హెచ్చించినచో ఉన్న జనము తేలునట. గంట గడచినది. వాడు మరల తలలు లెక్కించెను. మా ముందు 46 మంది యుండిరి. వాడు ఫోను తీసి, కూడి, భాగించి, నుదురు తుడుచుకొని, "ముందున్నవాళ్లు పెరగడానికి వీల్లేదే!" అని వాపోవుచుండగా, మా ముందు నిలిచిన వృద్ధుడొకడు వెనుదిరిగి, "మనుషుల్ని లెక్కపెట్టారు బాబూ, చెప్పుల్ని లెక్కపెట్టలేదు" అనెను. నిజమే. తెల్లవారుజామున వచ్చి, బారులో చెప్పులను, సంచులను, ఒకచోట ఇటుకరాతిని నిలిపి, టిఫినునకు పోయిన పుణ్యపురుషులు ఒక్కరొక్కరే వచ్చి తమ తమ పాదరక్షలలో ప్రవేశించుచుండిరి. బారును చూచి చేరకయే మరలువాడు, చేరి విసిగి వెడలిపోవువాడు, ప్రక్కబారు వేగముగా కదలుచున్నదని అందులోనికి దుముకువాడు—ఈ మూడు తెగలకును గ్రంథములలో వేర్వేరు నామములు గలవట. చెప్పుల రూపమున నిలుచువానికి మాత్రము ఇంకను నామకరణము కాలేదు.

చేతికో నోటికో పని యున్నవానికి నిరీక్షణ తక్కువగా తోచునని డేవిడ్ మైస్టరు అనునాతడు 1985లో వ్రాసెనని మావాడు ఆ బారులోనే బోధించెను. తిరుమల కంపార్టుమెంట్లలో పాలు, ప్రసాదము పంచుటయు, తలుపు కదలినప్పుడెల్ల వేలాది గొంతుకలు ఒక్కమారుగ గోవిందా యనుటయు నాకు జ్ఞప్తికి వచ్చెను. మా కార్యాలయమున పాలు లేవు. గోవిందనామమును మేమే మనసులో స్మరించుకొంటిమి.

ఇప్పుడు వాని చదువు చివరకు వచ్చినది. "సేవారంగములో నిరీక్షణకాల నిర్మూలనము" అను విషయముపై నూటయిరువది పుటల ప్రాజెక్టు నివేదిక వ్రాసినాడు. దానిపై గైడుగారి సంతకము పడవలెను. పనిని ఆదినుండి అంతమువరకు పటముగా గీచి, అందులో విలువను చేర్చు కాలమెంత, ఊరక పోవు కాలమెంత యని విడదీయుట ఈ శాస్త్రమున ఒక ప్రక్రియ. మావాడు తన నివేదికకే ఆ పటము గీచి నాకు పంపినాడు: సంతకము చేయుటకు పట్టు కాలము 12 సెకండ్లు, గైడుగారి గది తలుపువద్ద నిలిచిన కాలము నేటికి 51 దినములు. ఓనోగారి సుద్దగీత అక్కరలేకయే వాడు అచ్చట కదలక నిలుచుచున్నాడు.

నిన్న రాత్రి ఫోను చేసినాడు. "మామయ్యా, మా గైడుగారి తోడల్లుడు మీతో కలిసి పనిచేశారటగా? ఓ మాట చెప్పించండి. ఇదేం సిఫారసు కాదు, మా పుస్తకాల్లో దీన్ని ప్రయారిటీ డిసిప్లిన్ అంటారు."

ఆ తోడల్లునికి కబురు పెట్టితిని. ఉదయము తొమ్మిది గంటలకు రమ్మన్నాడు. ఆయన సంగతి నేనెరుగుదును గనుక, లావుపాటి పుస్తకమొకటి సంచిలో పెట్టుకొన్నాను.