కల్తీలేని రక్తం, కానుకగా రోగం

పాములపాడులోనైనా ఆళ్లగడ్డలోనైనా పెళ్ళి మాటల్లో మొదట తన్నుకొచ్చేది ఈ డాబే: "మాది కల్తీలేని రక్తమప్పా! ఏడు తరాలుగా బయటోళ్ళ సంబంధం ఎరగం." పిల్ల ఏం చదివింది, పిల్లోడు తాగుతాడా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

ఈ స్వచ్ఛత ఖరీదెంతో లెక్క తీసినవాళ్ళున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల జన్యువులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పుట్టి, లోలోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినవి. ఈ విషయంలో ఫిన్లాండ్ వాళ్ళనూ, అష్కెనాజీ యూదులనూ మించిపోయాయి. మన కుల పురాణాలేమో దేవుళ్ళతో మొదలవుతాయి. జన్యువులు మాత్రం గుప్పెడు మంది అవ్వాతాతలను చూపిస్తాయి. వారిలో ఒక్కరికున్న లోపం గడప దాటే దారిలేక ఇంట్లోనే పిల్లాపాపలతో వర్ధిల్లుతుంది.

వైశ్యుల సంగతే చూడండి. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ సూది వేస్తారు. రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపిస్తే రోగి గంటల తరబడి కదల్లేడు, మిషను పెట్టి ఊపిరి ఆడించాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతా జనం కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువ. తక్కిన కులాలవారు నవ్వుకోనక్కర్లేదు. జాబితాలో ఇంకా 80 ఉన్నాయి.

గొర్రెల కాపరిని అడగండి. మంద నీరసించకుండా రెండేళ్ళకోసారి విత్తనపు పొట్టేలును మారుస్తాడు. ఆ పొట్టేలుకు పెట్టే బుద్ధిలో పావలా వంతు కూడా అల్లుడిని వెతికేటప్పుడు పెట్టం. పిల్లకు మేనమామ రెడీగా ఉండగా పక్క ఊరికి బస్సు ఛార్జీ దండగంటాం!

భార్యాభర్తలిద్దరూ ఒకే లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగో వంతు ముప్పు. అమెరికాలో యూదులు 1971 నుంచే టే-శాక్స్ జబ్బుకు రక్తపరీక్షలు చేయించుకుంటూ ఆ జబ్బుతో పుట్టే బిడ్డల సంఖ్యను బాగా తగ్గించుకున్నారు. మనం నాడీకూటం చూపించుకుంటాం, నెత్తురు మాత్రం చూపించుకోం.

కాబట్టి పెళ్ళి మాటల్లో కులం గొప్పలు కాస్త తగ్గించండి. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు మాత్రం మత్తు డాక్టరుకు మీ కులమేదో, దగ్గరి పెళ్ళిళ్ళెన్నో దాచకుండా చెప్పండి. కులం మనిషి ప్రాణం కాపాడే చోటు అదొక్కటే.