ముప్పై శాతం: సటీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెతుకుసీమే. కోలాచలం ఆయన ఇంటిపేరు. ఆ ఊరు ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారమేనని చెబుతారు. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టి నారాయణఖేడ్‌ను సంగారెడ్డిలో కలిపేదాకా ఆయనా మనమూ ఒకే జిల్లావాళ్లం. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ ఆయన వ్యాఖ్యానానికి దిగాడు. ఆ మాటలో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నాకు కుదరదు. మూలం ముప్పావుగంట సేపు తెర మీద కదలకుండా నిలబడితే, ఎదురుగా కూర్చున్నవాడు అక్కర లేనిది తప్ప ఏం మాట్లాడతాడు?

సందర్భం ఇది. ఖేడ్ బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ దుకాణం. పొద్దున పదకొండు. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద నుంచి ఆదాయ సర్టిఫికెట్‌కనో, పహాణీ నకలుకనో, పిల్లల స్కాలర్‌షిప్ ఫారానికనో వచ్చినవాళ్లు వరసగా నిలబడ్డారు. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ ఆ వరసలో నాలుగూ వినిపిస్తాయి. తెర మీద మాత్రం ఐదో భాషలో ఒకటే వాక్యం.

మూలం

వర్కింగ్ ఆన్ అప్‌డేట్స్. 30% కంప్లీట్. డోంట్ టర్న్ ఆఫ్ యువర్ కంప్యూటర్.

ప్రతిపదార్థం

అప్‌డేట్స్ ఆన్ = నవీకరణముల మీద; వర్కింగ్ = పని సాగుచున్నది; 30% = నూటికి ముప్పది పాళ్లు; కంప్లీట్ = ముగిసినది; యువర్ = మీదియని చెప్పబడుచున్నదైన; కంప్యూటర్ = గణకయంత్రమును; డోంట్ టర్న్ ఆఫ్ = ఆపకుడు, ఆపుదురేని ఆపైన జరుగుదానికి మమ్మడుగకుడు.

అన్వయం

వరసలో ముందున్న పెద్దాయనకీ కౌంటర్ వెనక పిల్లవాడికీ జరిగిన సంవాదమే అన్వయానికి దారి చూపింది.

"ఏం బిడ్డా, ఇంకెంతసేపు?"

"చెప్పరాదు కాకా. ముప్పై మీద ఉంది."

"ముప్పై నిమిషాలా?"

"నిమిషాలు కావు కాకా, పర్సెంటు."

"బంద్ జేసి మళ్ల చాలు జెయ్యరాదు?"

"బంద్ జెయ్యొద్దని రాసింది."

"ఎవలు రాసిండ్రు?"

పిల్లవాడి దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. ఈ వాక్యంలో కర్త లేడు. పని సాగుతోందన్నారు గానీ చేస్తున్నది ఎవరో చెప్పలేదు. వ్యాకరణం ముఖం చూడని కాక ఒక్క ప్రశ్నతో లోపం పట్టేశాడు. కర్త కనిపించే చోటు వేరే ఉంది. అప్‌డేట్ ఒడ్డెక్కకపోతే వచ్చే ఉత్తరపాఠం చూడండి: "వీ కుడంట్ కంప్లీట్ ది అప్‌డేట్స్. అన్‌డూయింగ్ చేంజెస్." ఇక్కడ "మేము" వచ్చింది. పని సాగినంతసేపూ చాటున ఉన్న కర్త, పని చెడ్డాక బహువచనంలో బయటపడ్డాడు. మన ఆఫీసుల్లో ఇది తలకిందులు. పని అయితే "మేం చేశాం", చెడితే "పైనుంచి ఆర్డరు". ఆ లెక్కన అమెరికావాడే నయం.

"యువర్" అన్నచోట ఇంకో చిక్కు. ఆ కంప్యూటర్ కాకది కాదు. పిల్లవాడిది కూడా కాదు, ఓనరుది. ఓనరు బీదర్ వెళ్లాడు. ఇక ఆపవద్దన్న ఆజ్ఞ ఎవరికి తగిలినట్టు? పవర్ బటన్‌కు దగ్గరగా ఎవరి వేలుంటే వారికే అని నా అభిప్రాయం.

విశేషాలు

30% అన్నది కాలవాచకం కాదు. ఆ అంకె పనిలో ఎన్ని మెట్లు దిగారో చెబుతుంది, మెట్టుకు ఎంతసేపు పడుతుందో చెప్పదు. ఒకటి నుంచి ఇరవై తొమ్మిదికి రెండు నిమిషాల్లో ఉరికినది ముప్పై దగ్గర కూలబడవచ్చు. పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రంలో ఈ కూలబాటు మరీ ఎక్కువ. అదే కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కావ్యం మొత్తం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అంకె పైన గుండ్రంగా తిరిగే చుక్కలు చక్రబంధం. చిత్రకవిత్వంలో చక్రం అక్షరాలతో కడతారు, ఎక్కడ మొదలుపెట్టి చదవాలో కవి చెబుతాడు. ఇక్కడ అక్షరాలు లేవు, మొదలు లేదు, అందుకే చివర కూడా కనపడదు.

పాఠాంతరాలు

విండోస్ 7 ప్రతిలో పాఠం వేరు. "ప్లీజ్ డు నాట్ పవర్ ఆఫ్ ఆర్ అన్‌ప్లగ్ యువర్ మెషిన్. ఇన్‌స్టాలింగ్ అప్‌డేట్ 3 ఆఫ్ 27." ఇందులో దయచేసి అన్న మాట ఉంది, ప్లగ్గు పీకవద్దన్న జాగ్రత్త ఉంది, ఇరవై ఏడింట్లో మూడోది అన్న లెక్క ఉంది. ఇంకా ఇరవై నాలుగు ఉన్నాయని తెలిస్తే మనిషి చాయ్ తాగి వస్తాడు. విండోస్ 10 ప్రతిలో దయ పోయింది, లెక్క శాతమైంది. విండోస్ 11 పాఠం: "అప్‌డేట్స్ ఆర్ అండర్‌వే. ప్లీజ్ కీప్ యువర్ కంప్యూటర్ ఆన్." దయ తిరిగొచ్చింది. అంతకన్నా ముఖ్యం, ఆపవద్దు అన్న నిషేధవాక్యం, నడవనివ్వండి అన్న విధివాక్యమైంది. మీమాంసకులు నిషేధానికీ విధికీ తేడా గురించి గ్రంథాలు నింపారు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఈ తేడా నిలవదు. నిషేధాన్ని మనం మీరం, కరెంటు మీరుతుంది. విధిని పాటిద్దామంటే ఇన్వర్టర్ కావాలి.

తెలుగు పాఠం కూడా ఉందని చెప్పాలి. విండోస్‌కు తెలుగు భాషా ప్యాకేజీ ఉంది, వేసుకుంటే మెనూలు తెలుగులో కనిపిస్తాయి. విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌కు 2014 నుంచి అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవాడే. అయినా ఏ జిరాక్స్ దుకాణంలోనూ ఆ ప్యాకేజీ వేసింది నేను చూడలేదు. ఇంగ్లీషు మెనూలు అలవాటైన పిల్లవాడికి తెలుగు మెనూలో "ప్రింట్" ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. తప్పు ఎవరిదో తేల్చడం ఈ టీకకు పని కాదు.

కాలనిర్ణయం

ఈ వాక్యం ఎప్పుడుబడితే అప్పుడు పుట్టదు. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ తన భద్రతా సవరణలను నెలలో రెండో మంగళవారానికి కట్టిపెట్టింది. వాళ్ల పసిఫిక్ తీరంలో పొద్దున పది గంటలకు విడుదల. అప్పటికి మనకు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకపోవడం, చేతిలో డబ్బు బయటికి తీయకపోవడం మన ఇళ్లలో ఇంకా నడుస్తున్న ఆచారం. పెద్దలు కంగారుపడక్కర్లేదు. మనం షట్టర్ ఎత్తి కంప్యూటర్ ఆన్ చేసేసరికి బుధవారం వచ్చేసి ఉంటుంది.

ఇది ఉత్సర్గం. అపవాదం కూడా ఉంది. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. ప్రింటింగ్ పని చూసే భాగంలోంచే బయటివాడు లోపలికి దూరగలడని తేలింది. రెండో మంగళవారం దాకా ఆగలేక జులై 6నే సవరణ వదిలారు. ఆ తర్వాత ఆగస్టు 10న వచ్చిన అప్‌డేట్‌తో, ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరైంది. ప్రపంచంలో ఎన్నో ఆఫీసుల్లో నిన్నటిదాకా కాగితాలు కక్కిన ప్రింటర్లు పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చున్నాయి. కాగితం మీదే బతికే దుకాణానికి ఇంతకన్నా ఘోరమైన వార్త ఉండదు.

శంకలు, సమాధానాలు

అప్‌డేట్ వేస్తే వేశారు, మళ్లీ ఆపి లేపడం దేనికి? ఈ శంకకు వరసలో ఉన్న ఒకామే జవాబిచ్చింది: "మనిషి పండుకున్నప్పుడు మంచానికి నవారు అల్లుతరా?" ఇంతకన్నా నేను కలిపేది లేదు. వాడుకలో ఉన్న ఫైలును తీసి కొత్తది పెట్టలేరు, అందుకే అందర్నీ లేపి బయటికి పంపుతారు.

నెలనెలా అదే తద్దినమా, ఇది పునరుక్తి దోషం కాదా? కాదు. విండోస్ 10 నుంచి నెలవారీ అప్‌డేట్లు సంచితాలు. ఈ నెలది వేస్తే పోయిన నెలల్లో మానేసినవి కూడా అందులోనే వస్తాయి. అందుకే పరిమాణం వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ దాటుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద దుకాణం నడిపేవాడి రోజువారీ డేటా పొద్దున్నే ఆవిరయ్యేది ఇందుకే. సెట్టింగుల్లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ అని గుర్తు పెడితే చాలామటుకు ఆగుతుంది.

పూర్వపక్షం

అసలు అప్‌డేటే వద్దనే పక్షం ఒకటి ఉంది. బలమైన పక్షం. వీళ్ల మూలపురుషులు విండోస్ 7 కాలంలో లైసెన్సు లేని ప్రతి నడిపినవాళ్లు. 2010 ఫిబ్రవరిలో కేబీ971033 అనే అప్‌డేట్ వచ్చింది. అది దొంగ ప్రతిని పసిగట్టి, తెర వెనక బొమ్మను నల్లగా మార్చి, మూలన "మీ ప్రతి అసలుది కాదు" అని రాసేది. ఆ ఒక్క నంబరు భయంతో మొత్తం అప్‌డేట్లనే ఆపేసినవాళ్లు ఎందరో. దొంగ ప్రతి పోయినా భయం వారసత్వంగా మిగిలింది.

ఈ పక్షం వారు రెండు నిదర్శనాలు చూపుతారు. 2018 అక్టోబరు విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను మింగేసింది, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. 2024 జులై 19న ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరకు తిరిగాయి, శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వార్తలు నిజమే. తర్కంలో మాత్రం ఇవి హేత్వాభాసలు. మొదటిది భద్రతా సవరణ కాదు, కొత్త హంగుల అప్‌డేట్. రెండోది విండోస్ అప్‌డేటే కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే వేరే కంపెనీ రక్షక సాఫ్ట్‌వేర్ పంపిన ఫైలు. రెంటినీ తెచ్చి నెలవారీ సవరణ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ప్రింటర్ల నిదర్శనం చూపి ఉంటే నేను తల వంచేవాణ్ని. పూర్వపక్షికి అది తట్టలేదు.

సిద్ధాంతం

2017 మార్చి 14, రెండో మంగళవారం. ఎంఎస్17-010 అనే సవరణ వచ్చింది. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న కంతను అది పూడ్చింది. సుమారు రెండు నెలలకు, మే 12న, ఆ కంతలోంచే వానాక్రై వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండా ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు తనంతట తాను పాకింది. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్లు అడిగింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా యంత్రాలు చిక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా వంటి జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. చిక్కినవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7వే, అంటే మందు రెండు నెలల ముందే ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నవి. ఎక్స్‌పీ వాళ్లకు గడువు తీరిపోయినా, దాడి మరునాడు వాళ్లకూ సవరణ ఇచ్చారు.

కాబట్టి అప్‌డేట్ వేయాలి. ఇందులో మతభేదం లేదు. మతభేదమంతా ఎప్పుడు వేయాలి అన్న దగ్గరే.

నాయికాభేదం

అలంకారికులు చెప్పిన అష్టవిధ నాయికలు ఇక్కడ కూడా ఉన్నారు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ దాచుకుని, ఇన్వర్టర్ చూసుకుని, అప్‌డేట్ కోసం సిద్ధంగా కూర్చున్నది వాసకసజ్జిక. ముప్పై దగ్గర కళ్లు కాయలు కాచినది విరహోత్కంఠిత. విసిగి పవర్ బటన్ నొక్కేసి, ఇప్పుడు "అన్‌డూయింగ్ చేంజెస్" చూస్తూ చెంప మీద చేయి పెట్టుకున్నది కలహాంతరిత. మిగిలిన ఐదుగురిని నేను ఖేడ్‌లో చూడలేదు.

తాత్పర్యం

ఓ పాఠకా, విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగాయి. పొడిగింపు పథకంలో నమోదైన మామూలు వాడకందార్లకు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి. పదేళ్ల నాటి దుకాణపు కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. వాటి సంగతి ఓనర్లు బీదర్ నుంచి తిరిగొచ్చాక ఆలోచించాలి.

అర్హత ఉన్నవాళ్లు సెట్టింగుల్లో యాక్టివ్ అవర్స్ అనే చోట దుకాణం వేళలు రాసిపెట్టండి. 18 గంటల దాకా పెట్టుకోవచ్చు, ఆ వేళల్లో యంత్రం తనంతట తాను రీస్టార్ట్ కాదు. "అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" నొక్కితే ఆగకుండా మళ్లీ లేచి కూర్చునే దోషం చాలాకాలం ఉండేది, విండోస్ 11లో దాన్ని 2025 చివర్లో సరిదిద్దారు. తమ్మీ, కౌంటర్ వెనక ఉన్నది నువ్వే గనక నీకే చెబుతున్నా: రెండో మంగళవారం తర్వాతి బుధవారం రాత్రి, చివరి గిరాకీ పోయాక, ఇన్వర్టర్ ఆన్‌లో ఉందో లేదో చూసి ఆ బటన్ నొక్కు. పగలు పదకొండుకు మాత్రం నొక్కకు, కంగ్టి బస్సు మనుషులు వచ్చే వేళ అది.