గుంతకు కట్టిన కప్పం

బండి కొన్నాం, జీఎస్టీ కట్టాం. రోడ్డెక్కించడానికి లైఫ్ ట్యాక్సూ కట్టాం. ఇక హాయిగా తిరగొచ్చనుకుంటే పెట్రోలు బంకు ఎదురొచ్చింది. లీటరు మీద కేంద్రానికి ఎక్సైజు సుంకం, ఆ సుంకం కలిపిన ధర మీద రాష్ట్రానికి వ్యాట్. పన్ను మీద పన్ను, గోరుచుట్టు మీద రోకటిపోటు! 2017లో ‘ఒకే దేశం, ఒకే పన్ను’ అంటూ జీఎస్టీ తెచ్చిన పెద్దలు పెట్రోలును మాత్రం గుమ్మం బయటే ఉంచారు. పాడి ఆవును పొరుగు దొడ్లో ఎవరు కడతారు?

ఆంధ్రప్రదేశ్‌లోనైతే వీటికి తోడు లీటరుకు రూపాయి ‘రోడ్డు అభివృద్ధి సెస్సు’. మొన్న వాన నీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం దిగబడింది. రిమ్ము వంకరపోయింది, టైరు చీలింది. షాపాయన కొత్త టైరుకు బిల్లు రాసి, కింద 18 శాతం జీఎస్టీ కలిపాడు.

రోడ్డు బాగుకు సెస్సు, బాగుపడనందుకు జీఎస్టీ! ఇక మిగిలింది గుంత దాటినందుకు టోలే. ఈ మాట కాస్త మెల్లగా అనుకుందాం. ఎవరైనా వింటే రేపే జీవో వచ్చేస్తుంది!