జీతగాడే జీతమిచ్చే కొలువు

పేరోల్ అంటే యజమాని నెలనెలా ఉద్యోగికి డబ్బిచ్చే ఏర్పాటని కామర్సు పుస్తకాల్లో రాస్తారు. ఆ పుస్తకాలు రాసినవాళ్లెవరూ హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురా స్టేషన్‌లో దిగి నాలుగు గల్లీలు తిరిగినట్టు లేదు. గల్ఫ్ చమురు డబ్బు మొదలైన నాటి నుంచీ, అక్కడి కొలువులకు వెళ్లేవాళ్లకు ఇక్కడ ఇంకో పద్ధతి నడుస్తోంది. ఇందులో ఉద్యోగే డబ్బు కడతాడు. కొలువు దొరకడానికి కడతాడు, దొరికాక నిలబెట్టుకోడానికి కడతాడు, వదిలించుకుని ఇంటికి రావడానికీ కడతాడు.

మూసీకి అవతల హైటెక్ సిటీలో చూడండి ఎంత తతంగమో. అమెరికా కంపెనీకి అక్కడ ఒక్క ఇంజినీరు కావాలి. ఇక్కడ సొంత కంపెనీ లేకపోతే ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ అనే అద్దె యజమానిని కుదుర్చుకోవాలి. పీఎఫ్‌కు 12 శాతం కట్టాలి, టీడీఎస్ పట్టాలి, నెలకు 200 రూపాయల వృత్తి పన్ను కోయాలి, గ్రాట్యుటీ లెక్క రాయాలి, ఆడపిల్లయితే 26 వారాల ప్రసూతి సెలవివ్వాలి. ఇన్నీ చేసి ఆఫర్ లెటర్ ఇస్తే, కుర్రాడు దాన్ని పక్క కంపెనీకి చూపించి బేరమాడుకుంటాడు. పరాయి దేశంలో మనిషిని పెట్టుకోవడం ఇంత కష్టమా అని హెచ్ఆర్ వాళ్లు తల పట్టుకుంటారు. వాళ్లు ఒక్కసారి రియాద్ కఫీల్ (వీసా ఇచ్చి మనిషిని రప్పించుకునే యజమాని) దగ్గర ట్రైనింగు తీసుకుంటే బాగుండు.

చట్టాలు లేక కాదు సుమా. మనకు 1983 నాటి వలస చట్టముంది. పదో తరగతి దాటనివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర పడుతుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే వాడికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఏజెంటుకు లైసెన్సుండాలి, పెద్ద ఏజెంటైతే 50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఉండాలి. కార్మికుడి దగ్గర తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. అవతల సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ ఇంకా ఉదారమైనది. వీసా ఖర్చు, అఖామా (నివాస అనుమతి) ఫీజు, దాని రెన్యువల్, పని ముగిశాక తిరుగు టికెట్టు, అన్నీ యజమానే భరించాలట. రెండు దేశాల చట్టాలూ పక్కపక్కన పెట్టి చదివితే కడుపు నిండిపోతుంది. అన్నం తినక్కర్లేదు.

ఇక మన గల్లీలోకి రండి. కార్చోబు (జరీ ఎంబ్రాయిడరీ) దుకాణం పక్కన ఇరుకు మెట్లెక్కితే ఒక గది. బయట బోర్డు మీద ‘హజ్, ఉమ్రా, టికెటింగ్’. లోపల టేబుల్ మీద రబ్బరు బ్యాండు చుట్టిన పాస్‌పోర్టుల కట్ట, పక్కన అరకప్పు ఇరానీ చాయ్. వెనకాల ఏజెంటు, ఎదురుగా గల్ఫ్ వెళ్లబోయే కుర్రాడు.

“రసీదిస్తారా చాచా?”

“ఎందుకివ్వను బేటా? ముప్పై వేలకు పక్కా రసీదు. మిగతా లక్ష మన మధ్య మొహబ్బత్.”

“వీసా మీద ఇంటి డ్రైవరని ఉంది. నాకు స్కూటర్ కూడా రాదు.”

“ఆజాద్ వీసా బేటా! కఫీల్ ముఖం చూసే పనే లేదు. బయట ఏ పనైనా చేసుకో. నెలనెలా ఆయన వాటా ఆయనకు పంపితే చాలు.”

చూశారా పేరోల్! పని చేయించుకోని యజమానికి, పని చేయని ఉద్యోగి నెల తప్పకుండా పంపే జీతం. ఒక నెల తప్పితే మాత్రం కఫీల్‌కు నిబంధనలన్నీ గుర్తొస్తాయి. మనిషి పారిపోయాడని ‘హురూబ్’ రాయిస్తాడు. అక్కడితో మనవాడు ఖల్లివల్లి, చెల్లే కాగితాల్లేని మనిషి.

నిజాయితీగా ఉద్యోగం చేసి భార్యాపిల్లల్ని తెచ్చుకున్నవాడికి ఇంకో బిల్లు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టి, 2020కల్లా 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు కాపురం చేసినందుకే. ఆ దెబ్బతో ఎన్నో కుటుంబాలు పాతబస్తీకి తిరిగొచ్చి పిల్లల్ని ఇక్కడి స్కూళ్లలో చేర్చాయి.

మన ఢిల్లీ దొరలూ తక్కువ తినలేదు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, గల్ఫ్ వెళ్లే కార్మికులకు తామే ఖరారు చేసిన కనీస వేతనాన్ని తామే కోసేశారు. ఖతర్, యూఏఈ లాంటి చోట్ల 200 డాలర్లకు దించారు. ఉద్యోగాలు పోకూడదని అలా చేశారట. కూలి అడిగేవాడే రేటు తగ్గిస్తే మేస్త్రీ వద్దంటాడా? తెలంగాణ వలస కార్మికుల తరఫువాళ్లు హైకోర్టు మెట్లెక్కి నానా గొడవా చేశాక, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి వెళ్లాయి.

అదే ఏడాది మార్చిలో సౌదీ పెద్ద సంస్కరణ తెచ్చింది. ఇక యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చు, దేశం విడిచి రావొచ్చు అన్నారు. గల్లీలో అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే ఇంటి డ్రైవర్లకు, పనిమనుషులకు, తోటమాలులకు అది వర్తించలేదు. మనవాళ్లలో బోలెడుమంది వీసాల మీద రాసి ఉండేది సరిగ్గా ఆ పనులే. సంస్కరణకు కూడా అడ్రసు చూసుకుని వెళ్లడం వచ్చు.

కాబట్టి యాకుత్‌పురా అబ్బాయిలూ, కామర్సు పుస్తకం మీరు చదవకపోయినా ఈ ఒక్క లెక్క కంఠతా పట్టండి: 30,000, జీఎస్టీతో కలిపి 35,400. ఏజెంటు పేరు ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఒప్పందం కాపీ ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టి వెళ్లండి. 35,400 మీద ఒక్క రూపాయి అడిగినవాడు మీకు ఉద్యోగం అమ్ముతున్నాడని అర్థం. కొనకండి.