గుండుసూది

విజయవాడలో ఓ ప్రభుత్వ కార్యాలయం పాత ఫైళ్లను వేలం వేసింది. చిత్తు కాగితాల గోదాం యజమాని ఒకాయన పాడుకున్నాడు. పాట సొమ్ము, దానిపైన 5 శాతం జీఎస్టీ కట్టి సరుకు లారీకెత్తించాడు.

వేలానికి ఒక షరతుంది. కాగితాలన్నీ మిల్లుకే చేరాలి. గుజ్జు చేసినట్టు అక్కడి నుంచి సర్టిఫికెట్ తెచ్చివ్వాలి. జనం పేర్లు, ఫొటోలు, బ్యాంకు ఖాతా నంబర్లు పల్లీల పొట్లాలకెక్కి బజారులో తిరగకూడదు. మంచి షరతే.

మన దేశంలో తయారయ్యే కాగితంలో దాదాపు ముప్పాతిక వంతు చిత్తు కాగితం నుంచే వస్తుంది. ఇక్కడిది చాలక విదేశాల నుంచి ఓడల్లో తెప్పిస్తారు. అందుకే తెల్ల కాగితానికి అంత గిరాకీ. అందులో ప్లాస్టిక్ కవరో, ఫొటోనో, పిన్నో కలిసిందంటే మాత్రం మిల్లువాళ్లు ధర కోసేస్తారు. వాటిని ఏరడానికే గోదాంలో ఆడకూలీలున్నారు.

వాళ్లలో మామ్మ పెద్దది. చదువు రాదు. తుప్పు పట్టిన గుండుసూదిని గోటితో పైకి లేపి, ఒక్క లాగు లాగి పాలడబ్బాలో పడేస్తుంది. తెలుపు ఒక కుప్ప, అట్టలు ఒక కుప్ప, ఫొటోలు గోనెలోకి. చూపు ఎటున్నా చెయ్యి ఆగదు.

ఆ రోజు ఆగింది. చేతిలో ఉన్న అర్జీ మీద ఫొటో. అప్పుడే బొట్టు తీసిన ముఖం. తనదే.

తూకం దగ్గరున్న కుర్రాడికి చూపించింది. వాడు అర్జీ వెనక ఉన్న కాగితం చదివాడు. వితంతు పింఛను మంజూరు చేయడమైనది. తేదీ 11 ఏళ్ల కిందటిది. సంతకం ఉంది, ముద్ర ఉంది. ఒకే గుండుసూదికి రెండు ప్రతులు. ఒకటి ఆఫీసుది. రెండోదాని అడుగున ‘అర్జీదారుకు’ అని రాసి ఉంది.

మామ్మ రెండో ప్రతిని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

యజమాని గల్లాపెట్టె దగ్గర నుంచి లేచొచ్చాడు. చెడ్డవాడు కాడు. పండక్కి కూలీలందరికీ చీరలు పెడతాడు. చెయ్యి చాపాడు.

“అదిలా ఇచ్చెయ్ మామ్మా. పేరున్న కాగితం ఒక్కటి బయటికి పోయినా నా డిపాజిట్ పోతుంది. నీబోటివాళ్ల కాగితాలు ఎవరి చేతిలోనూ పడకూడదనే కదా, గవర్నమెంటు ఆ షరతు పెట్టింది!”