మీ ఊరి బడిని మీరే మూయించండి

బడి మూతపడాలని ఏ ఊరూ కోరుకోదు. నేను మాత్రం కోరుకోమంటున్నాను. నంద్యాల, మహానంది, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇక్కడ రాసే సలహాలు వినగానే "అయివారికి మతి పోయిందా" అనిపించవచ్చు. అయినా ప్రతి మాటా ఆలోచించే రాస్తున్నాను.

స్లాబు పెచ్చులూడుతున్న గదికి ఈ ఎండాకాలంలోనే తాళం వేయించండి. "ఇన్నేళ్లు నిలబడింది, ఈ ఒక్క ఏడూ గడవదా" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట విని ఊరుకుంటే గదిని మూసేది మనం కాదు, స్లాబే. అది ఏ పూట మూస్తుందో ముందుగా చెప్పదు. 2016 జనవరిలో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో గాలివానకు ఒక ప్రాథమిక పాఠశాల గోడ కూలింది, సుమారు తొమ్మిది టన్నుల ఇటుక. అప్పటికింకా పిల్లలు రాలేదు. లోపలి గోడనూ బయటి గోడనూ కలిపి పట్టే కమ్మీలు చాలినంత లోపలికి దిగలేదని తేలింది. ఏప్రిల్‌లో సెలవులు ముగిసే వేళకు ఆ నగరంలో 17 బడులు ఒక్కసారిగా మూసేశారు. అవేమీ పాత కట్టడాలు కావు, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండనివి. ఇంగ్లండులోని కెంట్‌లో 2018లో ఒక బడి కప్పు శనివారం నాడు పడింది. ఆ కప్పుకు వాడిన తేలిక రకం కాంక్రీటే ఉన్న నూటికి పైగా బడుల్లో ఆ భాగాలను మూయమని 2023 ఆగస్టు 31న, బడులు తెరవబోతుండగా, ఉత్తర్వు వచ్చింది. రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోది బడి కప్పు 2025 జూలై 25న పడింది. అది శుక్రవారం ఉదయం, పిల్లలు లోపలే ఉన్నారు. ఏడుగురు చనిపోయారు.

ఎడిన్‌బరోలో పొద్దున్నే కాబట్టి, కెంట్‌లో శనివారం కాబట్టి పిల్లలు బతికిపోయారు. పిప్లోదిలో ఆ అదృష్టం లేకపోయింది. పిల్లల ప్రాణాలు గడియారానికి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

రెండో సలహా ఇంకా విపరీతంగా తోస్తుంది. గోడకు బీట పడితే సిమెంటు పూయకండి. సున్నం కొట్టకండి, రంగు అసలే వేయకండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. నెల తర్వాత చూడండి. బీట ఆ గీత దాటిందంటే గోడ కదులుతున్నట్టే. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే బీటకు అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించండి. గోడ కాస్త జరిగినా గాజు పుటుక్కుమంటుంది. పైన పూత పూశారంటే ఈ సాక్ష్యమంతా మాసిపోతుంది.

స్లాబు సంగతీ అంతే. పెచ్చు ఊడితే "పైపూత వదిలింది, అంతే" అంటారు. చాలాసార్లు లోపల కమ్మి తుప్పు పట్టి ఉంటుంది. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది కాంక్రీటును లోపలినుంచి కిందికి తోసేస్తుంది. మెత్తితే తుప్పు ఆగదు, మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ఆళ్లగడ్డలో శిల్పులు రాయిని ఎలా ఎంచుతారో చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ముందు సుత్తితో తట్టి చెవి పెడతారు. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది. స్లాబును కూడా పొడవాటి కర్రతో, పక్కకు నిలబడి, గది ఖాళీగా ఉన్నప్పుడు తట్టి చూడండి. బోలుగా మోగిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టండి. ఇంజనీరు వచ్చినప్పుడు ఆ సున్నాలే మీ తరఫున మాట్లాడతాయి.

కప్పు కారుతుంటే పైన ఏమీ వేయకండి. ఈ మాట అన్నందుకు నాతో చాలామంది గొడవపడ్డారు. మన సీమలో మిద్దె కారితే పైన ఇంకో పొర మట్టి వేయడం తాతల నాటి అలవాటు. ఏటా ఒక పొర చొప్పున కింద దూలాల మీద ఎంత బరువు పడిందో ఎవరూ లెక్క కట్టరు. ఆ మట్టి వానకు నానితే బరువు ఇంకా పెరుగుతుంది. 2024 ఆగస్టు మొదట్లో చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టి మిద్దె కూలి ఒకే ఇంట్లో నలుగురు నిద్రలోనే పోయారు. ఆ ఊరు ఆళ్లగడ్డకు దూరమేమీ కాదు. అయినా మిద్దె మీద మట్టి వేసిన చేతులే బడి స్లాబు మీద కాంక్రీటు వేయమంటున్నాయి. ఆరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున్న గది మీద రెండంగుళాల కాంక్రీటు వేస్తే బరువు మూడున్నర టన్నుల పైమాటే. ముందే నీరసించిన స్లాబు నెత్తిన అంత మోత మోపడమా? మిద్దె ఎక్కి నీళ్లు పోయే గొట్టాలు పూడిపోయాయేమో చూడండి, గోడలో మొలిచిన రావి మొక్కను పీకించండి. తక్కినది ఇంజనీరు తేల్చాలి.

కొత్త గది కట్టిస్తామని దాతలు వస్తే గేటుకూ ప్రహరీకీ రంగులకూ డబ్బు తీసుకోకండి. ఎవరికీ కనబడని చోట, మట్టి కింద ఖర్చు పెట్టమనండి. కుందూ నది పక్క పొలాలన్నీ నల్లరేగడి. ఎండాకాలంలో ఆ నేల పిల్లవాడి చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది, వాన పడితే ఉబ్బి మూసుకుంటుంది. ఏటా పొంగి కుంగే నేల మీద మామూలు లోతున పునాది వేస్తే గోడ మూలలకు ఏటవాలుగా బీటలు రాకుండా ఎలా ఉంటాయి? ఇలాంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే కాంక్రీటు స్తంభాల పునాదిని వాడుకలోకి తెచ్చింది. తేమ పెద్దగా మారని లోతుకు, సుమారు మూడున్నర మీటర్లకు, అవి దిగుతాయి. దాత పేరు చెక్కిన రాయి గోడకుంటుంది, నిజమే. కానీ ఆ గోడ నిలబడేది పునాది మీదే.

జూన్‌లో బడి తెరిచే రోజుకల్లా గది సిద్ధం కావాలని పట్టుబట్టకండి. ఆలస్యం కానివ్వండి. మే నెల ఎండలో స్లాబు పోసి, తేదీ ముంచుకొస్తోందని సెంట్రింగు ముందే విప్పేస్తారు. ఇప్పటి సిమెంటుకు కనీసం పది రోజులు నీళ్లు పట్టాలి. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద ఊతకర్రలు 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన దూలం కింద 21 రోజులు ఉండాలని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మధ్యాహ్నం రెండింటికి స్లాబు మీదికెక్కి, తడి ఆరకుండా పరిచిన గోనెసంచి తడిగా ఉందో లేదో చేత్తో తాకి చూడగలిగేది ఆ ఊరి అమ్మలే. ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే సాగాయి. పని దగ్గర నిలబడి అడిగే హక్కు మీకు లేదని ఎవరన్నా అంటే నమ్మకండి.

పెద్దసారుతో నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. ఆయన్ని ఇబ్బంది పెడుతున్నామనిపించినా సరే, కాగితం మీద రాసి, తేదీ వేసి, ఎంఈఓ ఆఫీసులో ముద్ర కొట్టించుకోండి. 2004 జూలై 16న కుంభకోణంలో బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత వేసిన వ్యాజ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, భద్రమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని తేల్చి చెప్పింది. ఆ సంగతి మీ కాగితంలో ఒక్క వాక్యంగా రాయండి.

గది మూస్తే పిల్లలు ఏమవుతారని అడుగుతారు. అడగాల్సిందే. బడి ఆగితే మధ్యాహ్నం భోజనం ఆగుతుంది, ఏడో తరగతి ఆడపిల్ల పత్తి చేలోకి పోతుంది, మళ్లీ రాదు. అందుకే నేను మూయమనేది గదిని, చదువును కాదు. మహానందిలో సత్రాలున్నాయి, పల్లెల్లో సామాజిక భవనాలున్నాయి. పెద్దల్ని అడిగి రెండు నెలలకు ఒక వరండా ఇప్పించుకోండి. వంట అక్కడే, హాజరు అక్కడే. వేసవిలో అడిగితే దొరుకుతుంది. స్లాబు పడ్డాక పరుగెత్తితే ఆ కంగారులో ఏదీ దొరకదు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో మూడో తరగతి గదికి ఇలాగే తాళం వేశాం. ఊళ్లో సగం మంది నాతో మాట మానేశారు. పిల్లలు వేపచెట్టు కింద కూర్చున్నారు. ఒక పాప రోజూ వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసేది, తన బల్ల ఉందో లేదోనని. ఇంజనీరు రాసిచ్చాక ఆ స్లాబును దించారు. దించిన బేల్దారి ఒక కమ్మి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. వేళ్లతో నొక్కితే పొరలు పొరలుగా రాలింది. లోపల మిగిలిన ఇనుము ఆ పాప చేతిలోని పెన్సిలంత కూడా లేదు.